దించిందెవరు? లెంట్ రోజుల్లో ఖాళీ సిలువని చదవడం

మా వైపు చర్చిని కూడా గుడి అనే అంటారు. గిలకలదిండి హార్బరుకి పోయే దారిలో అలాంటి చిన్న గుడి ఒకటుంది. రేకుల కప్పు, ముందు సిమెంటు గచ్చు, పక్కన వేపచెట్టు. 2025 లెంట్‌లో ఆ గచ్చు మీద కొత్తగా ఒక సిలువ నిలబెట్టారు. విప్పేసిన పాత పడవ చెక్కలతో చేసింది. మేకుల గుంటలు, తారు మరకలు అలాగే ఉన్నాయి. అడ్డకొయ్య మీద ఊదారంగు గుడ్డ వేలాడేశారు. మట్టల ఆదివారానికి నేను హైదరాబాద్ నుంచి వెళ్ళేసరికి, ఉప్పుగాలికి ఆ గుడ్డ అంచులు పీలికలవుతున్నాయి.

ఆరాధన అయ్యాక అయ్యగారు బయటికొచ్చి దాని అర్థం చెప్పారు. ఊదా పశ్చాత్తాపానికి. శుక్రవారం నల్లది కడతాం, ఈస్టర్ తెల్లారుజామున తెల్లది. "మన సిలువ మీద బొమ్మ ఉండదు. ఎందుకంటే ప్రభువు అక్కడ లేడు, లేచాడు. ఖాళీ సిలువంటే గెలుపు." అందరం తలూపాం. మా అమ్మమ్మ మాత్రం చెప్పులు వెతుక్కుంటూ, "మరి దించిందెవరు అయ్యగారూ?" అంది.

ఆయన నవ్వారు. "అరిమతయియ యోసేపమ్మా. మీకు తెలీందా?"

"తెల్సు బాబూ. ఆయన సంగతి ఎవరూ చెప్పరు గదా అని" అనేసి ఆటో ఎక్కింది.

నేనూ ఆటో ఎక్కాను గానీ ఆ ప్రశ్న నా వెంటే హైదరాబాద్ దాకా వచ్చింది. ఖాళీ సిలువని ఒక పాఠ్యంలా చదవొచ్చనుకుంటే, మనం దాన్ని ఇన్నాళ్ళూ ఒక పేజీ ఎగరేసి చదువుతున్నామేమో అనిపించింది.

*

ముందు ఆ సిలువ ఖాళీ ఎందుకయిందో చూద్దాం. అదొక పాత గొడవ. 1522లో, సరిగ్గా లెంట్ రోజుల్లో, జ్యూరిక్‌లో ఫ్రోషావర్ అనే ముద్రాపకుడి ఇంట్లో కొందరు సాసేజీలు తిన్నారు. ఉపవాస కాలంలో మాంసం. జ్వింగ్లీ అక్కడే ఉన్నాడు. తాను తినలేదు గానీ తిన్నవాళ్ళని సమర్థిస్తూ ప్రసంగం చేశాడు. రెండేళ్ళకి జ్యూరిక్ చర్చిల్లోంచి బొమ్మలన్నీ తీసేశారు. 1566లో నెదర్లాండ్స్‌లో జనం చర్చిల్లోకి దూరి విగ్రహాలు పగలగొట్టారు. కాల్విన్ దారిలో నడిచిన స్కాట్లాండ్ వాళ్ళు ప్రెస్బిటీరియన్లయ్యారు. వాళ్ళకి చాలాకాలం లెంట్ లేదు, గుడ్డల రంగుల్లేవు, క్రిస్మస్ కూడా లేదు. దేవుణ్ణి బొమ్మ చెయ్యకూడదన్న రెండో ఆజ్ఞని అంత గట్టిగా పట్టుకున్నారు.

ఈ కథ బందరుకి దూరమైందేం కాదు. బందరుకోటలో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. పురావస్తు శాఖ వాళ్ళ నీలం బోర్డు, ఇనప గేటు, లోపల పెద్ద పెద్ద నల్లరాళ్ళు. 17వ శతాబ్దంలో ఇక్కడ బట్టల వ్యాపారం చేసిన డచ్ కంపెనీది కూడా కాల్విన్ దారే, అంటే ప్రెస్బిటీరియన్లకి అన్నదమ్ముల వరస. ఆ రాళ్ళ మీద నా కళ్ళని పట్టేసేవి వంశ చిహ్నాలూ, లోతుగా చెక్కిన అక్షరాలూ. చచ్చినవాడు ఎంత గొప్పవాడో చెప్పడానికి ఆ రాళ్ళకి తీరిక చిక్కింది. దేవుడి బొమ్మ వద్దన్నవాళ్ళు తమ కుటుంబం ముద్ర మాత్రం వద్దనుకోలేదు. చిన్నప్పుడు అక్కడ దాగుడుమూతలాడేటప్పుడు ఇదంతా తెలీదు. ఇప్పుడు వెళ్తే మాత్రం ఆ ఖాళీలో కాస్త అహంకారం కనిపిస్తుంది.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరు వచ్చారు. వాళ్ళది ఆంగ్లికన్ల సీఎంఎస్ మిషన్. ఆడంబరాలూ, విగ్రహాలూ అంటే పడని శాఖ. తర్వాత 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం, అంటే మన సీఎస్ఐ, ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లూ, మెథడిస్టులూ, అంతకుముందే 1908లో ఒక్కటైన ప్రెస్బిటీరియన్లూ, కాంగ్రిగేషనలిస్టులూ ఒకే గొడుగు కిందికి వచ్చారు. కాబట్టి కృష్ణా డెల్టాలో సీఎస్ఐ గుడికి వెళ్ళే మనిషి, తనకి తెలిసినా తెలియకపోయినా, నాలుగు దేశాల పాత తగాదాల్ని నెత్తిన పెట్టుకుని మోకరిస్తాడు. మా పిన్ని కూతురు టెక్సాస్‌లో ఒక ప్రెస్బిటీరియన్ చర్చికి వెళ్తుంది. అదే వారం అది వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది: పచ్చిక మీద ముతక చెక్క సిలువ, దాని మీద ఊదా గుడ్డ. అచ్చం మాదే. ఒకప్పుడు లెంట్‌నే వద్దన్నవాళ్ళు ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ దాన్ని ఇంట్లోకి పిలుచుకున్నారు. ఆ గుడ్డ ఇప్పుడు గిలకలదిండి దాకా వచ్చింది.

అయ్యగారు చెప్పిన అర్థం కూడా ఆ దారినే వచ్చింది. కేథలిక్కుల సిలువ మీద దేహం ఉంటుంది, అది బాధ. ప్రొటెస్టెంట్ల సిలువ ఖాళీ, అది పునరుత్థానం. వినడానికి బాగుంటుంది. సండేస్కూల్లో చార్టు మీద రాయడానికీ వీలుగా ఉంటుంది. నాకున్న ఇబ్బందల్లా, అది శుక్రవారం మధ్యాహ్నం మూడింటి నుంచి ఆదివారం పొద్దుటికి ఒక్క గంతు వేస్తుంది. మధ్యలో శుక్రవారం సాయంత్రం ఒకటుంది. సిలువ ఖాళీ అయింది ఆదివారం కాదు, ఆ సాయంత్రం. పునరుత్థానం ఖాళీ చేసింది సమాధిని. సిలువని ఖాళీ చేసింది మనుషులు. నిచ్చెన వేసి, మేకులు ఊడదీసి, బరువు మోసి.

రోమన్లు మామూలుగా శవాల్ని దించనిచ్చేవాళ్ళు కాదు. అక్కడే వదిలెయ్యడం కూడా శిక్షలో భాగమే. అందుకే నాలుగు సువార్తలూ యోసేపు పేరు చెప్తాయి. అతను పిలాతు దగ్గరికి వెళ్ళి శవాన్ని అడిగాడు. శిష్యులు పారిపోయిన సాయంత్రం అది ప్రమాదం లేని పనేం కాదు. మన ప్రసంగాల్లో యోసేపుకి దక్కేది రెండు నిమిషాలు.

*

అమ్మమ్మకి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆమెది దివిసీమ. నాగాయలంక అవతల. 1977 నవంబర్ 19 ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారని లెక్కలు చెప్తాయి. ఆ లెక్కలో ఆమె తమ్ముడున్నాడు. నీళ్ళు తీశాక శవాలు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. తుమ్మచెట్ల ముళ్ళకి చిక్కుకుని, తాటిచెట్ల మధ్య ఇరుక్కుని. బతికినవాళ్ళు బతికింది కూడా చెట్టు పట్టుకునే. ఆమె ఆ రోజుల గురించి ఎక్కువ మాట్లాడదు. మాట్లాడినప్పుడు గాలి గురించీ, అల గురించీ చెప్పదు. ఎవరెవరు వచ్చి దించారో చెప్తుంది. పేరు తెలీని కుర్రాళ్ళు, ముక్కుకి గుడ్డ కట్టుకుని, కులం అడక్కుండా. "మా వోణ్ణి దించినాయన మొహం కూడా నేను చూళ్ళేదు" అంటుంది.

అలాంటి మనిషికి ఖాళీ చెట్టు అంటే గెలుపు కాదు. ఎవరో వచ్చారని గుర్తు. నేను చదివిన వేదాంత పుస్తకాల్లో సిలువకి ఇంత మంచి వ్యాఖ్యానం దొరకలేదు.

బందరు చరిత్రలో కూడా చూడండి. 1864 నవంబర్ 1 రాత్రి వచ్చిన తుఫానులో ఈ చుట్టుపక్కల దాదాపు 30 వేల మంది పోయారంటారు. 2004 డిసెంబర్ 26న సునామీ. ఈ తీరంలో మనుషుల్ని వెతికి తీసుకురావడం అనేది ఒక పాత బాధ్యత, వేటకెళ్ళినంత మామూలు పని. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, తెరచాప కొయ్యలో సిలువ ఆకారం ఉందనీ, అది లేకుండా సముద్రం దాటలేమనీ రాశాడు. బాగా చెప్పాడు గానీ అది ఒడ్డున కూర్చున్నవాడి మాట. పేరులోనే గిలక ఉన్న ఊళ్ళో, కొయ్యకి తెర ఎక్కించడం ఎంత ముఖ్యమో దించడమూ అంతే ముఖ్యమని గాలి తెలిసినవాడు ఎవడైనా చెప్తాడు.

*

ఇక మాట సంగతి. సిలువ మన మాట కాదు. సిరియాక్ భాషలోని 'స్లీవా' తమిళంలో 'సిలువై' అయి, మన దాకా వచ్చి సిలువ అయింది. మరి తెలుగులో మనుషుల్ని కొయ్య మీద చంపడానికి పేరు లేదా అంటే, ఉంది. కొరత. కొరత వెయ్యడం అంటే పదునైన కొయ్యకి గుచ్చి చంపడం. పాత కథల్లో రాజులు దొంగలకి వేసే శిక్ష. అనువాదకులు ఆ మాట తీసుకోలేదు. వాళ్ళకి కారణాలున్నాయి. రెండూ ఒకటే శిక్ష కాదు, పైగా కొరత అంటే జనానికి భయం, అసహ్యం.

కానీ ఆ భయమూ, అసహ్యమూ మొదట సిలువవి కూడా. పౌలు కాలంలో ఆ మాట భోజనాల దగ్గర ఎత్తేది కాదు. తెలుగులో మాత్రం అది పుట్టుకతోనే పవిత్రమైన మాట. మెడలో గొలుసుకీ, పెళ్ళి కార్డుకీ, ఆటో అద్దానికీ సరిపోయే మాట. ప్రభుత్వం ఒక మనిషిని చట్టప్రకారం చంపిన సాధనం అన్న సంగతి మన చెవికి తగలదు. కొరత అంటే లోటు అనే అర్థం కూడా ఉంది కదా. 'ఖాళీ కొరత' అని ఒకసారి బయటికి అనుకుని చూశాను. అయ్యగారి చార్టులో అది ఇమడదు.

లెంట్‌కి మనవాళ్ళు పెట్టుకున్న పేరు మాత్రం నాకిష్టం. శ్రమకాలం. బైబిల్ తెలుగులో శ్రమ అంటే బాధ. వీధి తెలుగులో శ్రమ అంటే పని. 2025లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 18న వచ్చింది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. 61 రోజులు. అంటే పరిశుద్ధ వారంలోనే పడవలన్నీ ఒడ్డుకి కట్టేశారు. శ్రమ లేని శ్రమకాలం. ఉపవాసం గురించి ప్రసంగం వింటున్న ఆడవాళ్ళు నిషేధం భృతి ఎప్పుడు పడుతుందా అని ఫోన్లు చూసుకుంటున్నారు. ఉపవాసం ఎంచుకునేవాళ్ళకీ ఎంచుకోనివాళ్ళకీ ఒకే ప్రసంగం చెప్తే ఎలా అనిపించింది నాకు.

*

ఇక్కడ సాహిత్యం మాట ఎత్తాలి. జాషువాకి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది 'క్రీస్తు చరిత్ర'కి. గొప్ప కవి, గొప్ప పద్యం, కాదనను. కానీ గుడ్ ఫ్రైడే నాడు చదువుకోవడానికి ఒక్క పుస్తకమే తీసుకెళ్ళాలంటే నేను 1941 నాటి 'గబ్బిలం' తీసుకెళ్తాను. అందులో క్రీస్తు లేడు. గుళ్ళోకి రానివ్వని ఒక మనిషి, గుళ్ళోకి ఎగిరి వెళ్ళగలిగిన గబ్బిలంతో తన గోడు శివుడికి చెప్పి పంపుతాడు. నన్నెందుకు వదిలేశావని అడిగే గొంతు సిలువ మీది ఏడు మాటల్లో ఒకటి. ఆ గొంతు నాకు క్రీస్తు కథలో కంటే గబ్బిలంలో దగ్గరగా వినిపిస్తుంది. క్రీస్తు కథలో మనకి ముగింపు ముందే తెలుసు. గబ్బిలంలో జవాబు రాలేదు. అకాడమీ చేతికి జవాబున్న పుస్తకం తేలిగ్గా అంది ఉంటుంది.

అమెరికన్ నల్లజాతి వేదాంతి జేమ్స్ కోన్ 2011లో ఒక పుస్తకం రాశాడు. సిలువనీ, నల్లవాళ్ళని ఉరేసిన చెట్లనీ పక్కపక్కన పెట్టి చదివాడు. సిలువ గురించి పేజీలకి పేజీలు రాసిన తెల్ల వేదాంతులు కళ్ళముందున్న చెట్టుని ఎందుకు చూడలేదని అడిగాడు. మనం అడగాల్సింది చుండూరు గురించి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. వాళ్ళ మనుషులు వెతికి తీసుకొచ్చి, ఊరి నడుమ పాతిపెట్టారు. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. బైబిల్ చదివిన చెవికి ఆ పేరు వెంటనే తగులుతుంది. యూదా వదిలేసిన వెండితో కొన్న పొలం పేరు కూడా అలాంటిదే. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 20. కృష్ణకి ఈ వైపున ఆ ఆదివారం 'లేచెను' అని పాడినవాళ్ళలో నేనూ ఉన్నాను. మంగళవారం టీవీ పెట్టాక, రెండు రోజుల కిందట పాడినదానికి అర్థమేంటో నాకు తోచలేదు.

ఖాళీ సిలువంటే గెలుపు అన్న వ్యాఖ్యానంతో నా పేచీ అదే. అది అబద్ధం కాదు, తొందర. దించే పని ఇంకా అవ్వనిచోట కూడా గెలుపు ప్రకటించేస్తుంది.

*

ఇంకో సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే నాకు నిద్రపట్టదు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన దళితుడు కాగితం మీద బీసీ-సీ. మద్రాస్ హైకోర్టు ముందుకి 2021లో ఒక కేసు వచ్చింది. ఒక డాక్టరమ్మ క్లినిక్ గోడకి సిలువ ఉందని అధికారులు చూసి, ఆమె కుల ధ్రువపత్రం అప్పటికే రద్దు చేశారు. గోడకి సిలువ తగిలించుకున్నంత మాత్రాన కులం పోదని కోర్టు చెప్పి పత్రం తిరిగి ఇప్పించింది. మన హైకోర్టు మాత్రం 2025 ఏప్రిల్ ఆఖర్లో, అంటే నేను చెప్తున్న ఈస్టర్ అయిన కొద్ది రోజులకే, క్రైస్తవంలోకి మారినవాళ్ళకి ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం వర్తించదని చెప్పింది. ఎవరో కులం పేరుతో తిట్టి కొట్టినా, తిట్టినవాడికి గుర్తున్న కులం చట్టానికి గుర్తుండదు.

మెడలో సిలువ ఉన్నవాళ్ళకి ఇదంతా కోర్టు భాషలో తెలీదు, ఒంటికి తెలుసు. నేను ఇంటర్లో ఉండగా సర్టిఫికెట్ విచారణకి ఆఫీసు నుంచి మనిషి వస్తున్నాడని కబురొచ్చింది. మా అమ్మ స్టూలెక్కి హాల్లో సిలువ తీసింది. ప్లైవుడ్‌ది, ఎవరో పెళ్ళికి ఇచ్చింది. కేలండర్ తీసింది. రెండూ బియ్యం డబ్బా వెనక పెట్టింది. తీశాక చూస్తే గోడ మీద దాని ఆకారం తెల్లగా మిగిలిపోయింది. చుట్టూ పదేళ్ళ పొగా, ధూళీ, మధ్యలో అంత శుభ్రమైన సిలువ. మేకు కూడా ఉంది. అమ్మ దాన్ని చూసి ఏడవబోయి నవ్వింది. ఆయన వచ్చాడు, టీ తాగాడు, గోడ వైపే కూర్చున్నాడు. చూశాడో లేదో నాకిప్పటికీ తెలీదు. సర్టిఫికెట్ వచ్చింది. ఆ కాగితంతోనే నేను చదువుకున్నాను, ఈ వ్యాసం రాసేంత దూరం వచ్చాను.

లెంట్‌లో సిలువని గుడ్డతో కప్పడం చాలామందికి ఒక సీజన్. మా ఇళ్ళలో అది ఏడాది పొడుగునా ఉండే అలవాటు. టెక్సాస్ పచ్చిక మీది ఊదా గుడ్డా, గిలకలదిండి ఊదా గుడ్డా ఒకటే బట్ట కావొచ్చు. ఒకే అర్థం మాత్రం కాదు. అయ్యగారు రంగుల గురించి చెప్పినప్పుడు, గచ్చు మీద కూర్చున్నవాళ్ళలో సగం మందికి రెండేసి పేర్లున్నాయి. ఒకటి గుడిలో, ఒకటి కాగితంలో. ఖాళీ సిలువ గురించి వాళ్ళకి ఆయన కంటే ఎక్కువే తెలుసు.

అమ్మమ్మ ప్రశ్న మళ్ళీ వినిపించింది. మా హాల్లో దించిందెవరు? మా అమ్మ. ఆమెని యోసేపనాలో, పేతురనాలో నేను తేల్చుకోలేకపోయాను. ఒకడు చీకటి పడే వేళ ధైర్యంగా దించాడు, ఒకడు నిప్పు కాచుకుంటూ ఎరగనన్నాడు. ఆమె ఆ మధ్యాహ్నం రెండు పనులూ ఒకే స్టూలు మీద నిలబడి చేసింది.

*

గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ఆరాధన మూడింటికి అయిపోయింది. గాలి లేచింది. నల్లగుడ్డ తెరచాపలా పొంగి, పడవ చెక్కల సిలువ ఒక పక్కకి ఒరిగింది. పడిపోతే పిల్లల మీద పడేలా ఉంది. అయ్యగారు ఒక్కరే పట్టుకోబోయారు గానీ ఆగలేదు. వేట లేక రోడ్డు పక్కన పేకాడుతున్న వాళ్ళు ఆట ఆపి వచ్చారు. వాళ్ళలో ఇద్దరు గుడికి వచ్చేవాళ్ళు కూడా కాదు. ఒకతను అడ్డకొయ్యకి మోకు వేశాడు, ఇద్దరు మొదలు పట్టుకున్నారు, ఇంకొకతను "మెల్లిగా, మెల్లిగా" అంటూ వెనక్కి నడిచాడు. గచ్చుకి తగలకుండా పడుకోబెట్టారు. మళ్ళీ ఆదివారం పొద్దున్నే లేపుదాంలే అని వెళ్ళి ఆటలో కూర్చున్నారు.

అమ్మమ్మ వేపచెట్టు కింద కుర్చీలోంచి అంతా చూసింది.

"నలుగురు పట్టారు" అంది.